పోటీలా, ఆర్కెస్ట్రా ఆడిషన్లా: చెల్లో చదువు పూర్తవుతున్న 21 ఏళ్ళ వారికి జవాబు

మీరు అడిగింది ఇది. వయసు 21, కన్సర్వేటరీలో (పాశ్చాత్య సంగీత కళాశాలలో) చెల్లో చదువు చివరి ఏడాది. ఒక విద్యార్థుల పోటీలో రెండో బహుమతి వచ్చింది. కాలేజీ ఆర్కెస్ట్రాతో హైడన్ సి మేజర్ కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక సోలో వాయిద్యం వాయించే రచన) ఒకసారి వాయించారు. గురువుగారేమో రాబోయే రెండేళ్ళూ పోటీల మీదే ఉండమంటున్నారు, తోటివాళ్ళేమో ఆర్కెస్ట్రా అకాడమీలకు (యువ వాద్యకారులకు ఆర్కెస్ట్రా శిక్షణ ఇచ్చేవి) దరఖాస్తులు పెట్టేస్తున్నారు. ఆర్కెస్ట్రాలో చేరితే సోలో దారి మూసుకుపోతుందా, ఏజెంటు లేకుండా కచేరీలు వస్తాయా, అప్పు చేసైనా ఇంకా మంచి చెల్లో కొనాలా అన్నవి మిగతా సందేహాలు.

ముందు సూటి జవాబు. రెండేళ్ళనూ పోటీలకు రాసిచ్చేయకండి. ఏడాదికి రెండు పోటీలు చాలు, అవీ బాగా ఏరుకున్నవి. సాధనకు వెన్నెముకగా ఆర్కెస్ట్రా ఆడిషన్‌ను పెట్టుకోండి. పక్కన ఒక స్థిరమైన ఛాంబర్ బృందం (ముగ్గురి ట్రియో అయినా, నలుగురి క్వార్టెట్ అయినా) తప్పకుండా ఉండాలి. ఏజెంటు కోసం ఇప్పుడే వెతకొద్దు. చెల్లో కోసం అప్పు అసలే వద్దు, కారణం చివర్లో చెబుతాను.

ఎందుకంటారా, కుర్చీలు లెక్కపెట్టండి. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో విభాగంలో పది పన్నెండు మంది ఉంటారు, మధ్యస్థాయి వాటిలో ఆరు నుంచి ఎనిమిది. ప్రతి స్ట్రింగ్ క్వార్టెట్‌కూ ఒక చెల్లో కావాలి, ప్రతి పియానో ట్రియోకూ ఒకటి కావాలి. అదే ఒక ఆర్కెస్ట్రా ఒక సీజన్‌లో సోలోకు పిలిచే చెల్లిస్టులను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా మన కాన్‌చెర్టోల జాబితా పియానోవాళ్ళకూ వయొలిన్‌వాళ్ళకూ ఉన్నంత పెద్దది కాదు. నిర్వాహకులు మళ్ళీ మళ్ళీ అడిగేవి ద్వొరాక్, ఎల్గార్, షూమన్, సాంసాన్స్ మొదటిది, హైడన్ రెండూ, చైకోవ్‌స్కీ రొకోకో వేరియేషన్స్, షోస్తకోవిచ్ మొదటిది. ఈ కొద్దిపాటి స్థలం కోసం పేరున్నవాళ్ళతో పోటీ పడాలి. దాని మీదే రెండేళ్ళు పెట్టి, అటు ఎక్సెర్ప్ట్‌లు (ఆడిషన్లలో అడిగే ఆర్కెస్ట్రా భాగాలు) ముట్టుకోకపోతే 23 ఏళ్ళకు చేతిలో ఒక డిప్లొమా, ఒక సెమీఫైనల్ తప్ప ఏమీ లేని పరిస్థితి వస్తుంది.

గురువుగారి సలహాలో పస లేదని కాదు. పోటీలకు తయారయ్యే క్రమంలో వాయిద్యం మీద పట్టు వేగంగా పెరుగుతుంది, అది నిజం. కానీ ఆ సాధనలో చాలా భాగం ఆడిషన్‌కూ పనికొస్తుంది. జర్మన్ ఆర్కెస్ట్రాల్లో మొదటి రౌండ్‌కు సాధారణంగా హైడన్ డి మేజర్ మొదటి భాగం కెడెంజాతో (ఆర్కెస్ట్రా ఆగితే సోలోయిస్టు ఒంటరిగా వాయించే ముక్క) సహా అడుగుతారు, తర్వాతి రౌండ్‌కు ద్వొరాక్ లాంటి రొమాంటిక్ కాన్‌చెర్టో. ఈ రెండూ పోటీల జాబితాల్లోనూ ఉంటాయి. దారులు విడిపోయేది ఎక్సెర్ప్ట్‌ల దగ్గరే. రోజుకు నాలుగు గంటలు సాధన చేస్తుంటే అందులో ఒక గంట వాటికి ఇవ్వండి, రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఆర్కెస్ట్రాలో చేరితే సోలో దారి మూసుకుపోతుందా? లేదు. సోలో చెల్లిస్టులుగా పేరు తెచ్చుకున్నవాళ్ళనే చూడండి. పియాటిగోర్‌స్కీ 1920లలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో ప్రిన్సిపల్ (చెల్లో విభాగానికి ముందు కుర్చీ). స్టార్కర్ అమెరికా వచ్చాక డాలస్‌లో, మెట్రొపాలిటన్ ఒపేరాలో, ఆ తర్వాత 1958 దాకా షికాగో సింఫనీలో ప్రిన్సిపల్‌గా ఉన్నాడు. లిన్ హారెల్ 1964 నుంచి 1971 దాకా క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ముందు కుర్చీలో కూర్చున్నాకే సోలోకు మళ్ళాడు. మన కాలంలో జాన్-గీయెన్ కెరాస్ చాలా ఏళ్ళు పారిస్‌లో ఆధునిక సంగీతం వాయించే ఆన్సాంబ్ల్ ఆంటెర్‌కాంటెంపొరాఁ బృందంలో సభ్యుడు. వీళ్ళకు ఆ ఏళ్ళు వృథా పోలేదు. కండక్టర్లు ఎలా వింటారో, ఆర్కెస్ట్రా ఊపిరి ఎక్కడ తీస్తుందో కూర్చున్న చోటే తెలిసింది. దారి నిజంగా మూసేది వేరొకటి ఉంది: ఉద్యోగం వచ్చాక సోలో రెపర్టరీని (వాయించగల రచనలను) తుప్పు పట్టనివ్వడం. దాని గురించి కిందికి వస్తాను.

ఇంకో మాట. పదహారేళ్ళకే 1961లో విగ్మోర్ హాల్‌లో కచేరీ చేసిన జాక్వెలిన్ డు ప్రేనో, పదిహేడేళ్ళకు 2016లో బీబీసీ యంగ్ మ్యుజీషియన్ గెలిచిన షేకు కానే-మేసన్‌నో చూసి మీకు ఆలస్యమైపోయిందని కంగారు పడకండి. కానే-మేసన్ కూడా గెలిచాక రాయల్ అకాడమీలో చదువు కొనసాగించాడు. యో-యో మా 1976లో హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తి చేసిన తర్వాతే, 1978లో, ఏవరీ ఫిషర్ ప్రైజ్ అందుకున్నాడు. అలీసా వైలర్‌స్టైన్ 2004లో కొలంబియాలో చరిత్రలో పట్టా తీసుకుంది.

ఇక పోటీలు. పెద్దవి ఏటా ఉండవు. చైకోవ్‌స్కీ పోటీలో చెల్లో 1962 నుంచి ఉంది, నాలుగేళ్ళకోసారి. బ్రసెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పోటీలో చెల్లోకు మొదటిసారి చోటు దొరికింది 2017లో, రెండోసారి 2022లో. మ్యూనిక్ ఏఆర్‌డీ పోటీలో ఏటా వాయిద్యాలు మారుతుంటాయి. అంటే మీ వయసు పరిమితి దాటేలోపు ఒక్కో పెద్ద పోటీకి ఒకటి, మహా అయితే రెండు అవకాశాలు. అందుకే ముందు ఒక కాగితం మీద వచ్చే ఆరేళ్ళ క్యాలెండర్ గీసి, ప్రతి పోటీ ఏ సంవత్సరం వస్తుంది, ఆనాటికి మీ వయసెంత, నిబంధనల ప్రకారం ఏ తేదీ నాటి వయసు లెక్కిస్తారు, రాసుకోండి. ఆ తేదీ దరఖాస్తు రోజు కావచ్చు, పోటీ మొదలయ్యే రోజు కావచ్చు. నెల తేడాతో అనర్హులైనవాళ్ళు ఉన్నారు.

ఏది ఎంచుకోవాలంటే, బహుమతి సొమ్ము చూడొద్దు. గెలిచాక ఏమిస్తారో చూడండి: ఎన్ని కచేరీలు, ఎవరితో, మూడేళ్ళ పాటు కచేరీలు చూసిపెట్టే మనిషి ఉన్నారా, రికార్డింగ్ ఉందా. రెండోది, మొదటి రౌండ్‌లో ఓడినా జ్యూరీ నుంచి మాట దొరుకుతుందా. మూడోది, ప్రోగ్రాం. మూడు నాలుగు రౌండ్ల పోటీకి మొత్తం రెండున్నర గంటల సంగీతం సిద్ధంగా ఉండాలి, అందులో కొత్తగా రాయించిన ముక్క కొన్ని వారాల ముందే చేతికొస్తుంది. ఆ రెండున్నర గంటల్లో కనీసం మూడొంతులు మీరు ఇప్పటికే స్టేజి మీద వాయించినవి కాకపోతే ఆ పోటీ ఈ ఏడు వద్దు. తాజాగా నేర్చుకున్న సొనాటా ఇంట్లో ఎంత బాగున్నా, రాత్రి పదింటికి ఫలితం తెలిసి పొద్దున్నే రెండో రౌండ్ వాయించేటప్పుడు చేయి ఇస్తుంది.

ఖర్చు కూడా ముందే లెక్కేయండి. ప్రవేశ రుసుము అందులో చిన్న భాగం. విమానంలో చెల్లోకు రెండో సీటు, మీ సొంత పియానిస్టును తీసుకెళ్తే వాళ్ళ ఫీజు, ప్రయాణం, ఎన్ని రౌండ్లు నిలుస్తారో తెలియని హోటల్ రోజులు, ఇవే అసలు ఖర్చు. పోటీవాళ్ళిచ్చే పియానిస్టుతో వాయించాలంటే రిహార్సల్ సాధారణంగా ఒకటే ఉంటుంది. బ్రామ్స్ ఎఫ్ మేజర్ సొనాటా లాంటిది ఒక్క రిహార్సల్‌తో నిలబెట్టడం కష్టం. అలాంటప్పుడు డెబ్యుసీ సొనాటానో, బీతోవెన్ ఎ మేజరో ఎంచుకోవడం తెలివైన పని. ఆ పియానిస్టుకు అవి వేళ్ళ మీదే ఉంటాయి.

వీడియో వడపోత దగ్గరే చాలామంది పోతారు, అదీ వాయించడం బాగాలేక కాదు. ఫోన్ మైకులో ధ్వనిని తనంతట తాను సరిచేసే ఏర్పాటు ఉంటుంది. మీ పియానిస్సిమోను (అతి మెల్లని ధ్వనిని) పైకి లాగి, ఫోర్టేను (గట్టి ధ్వనిని) అణిచి, రెండింటినీ ఒకే మట్టానికి తెస్తుంది. నెలల తరబడి కష్టపడి తెచ్చుకున్న డైనమిక్స్ అంతా అక్కడే పోతుంది. ఒక స్టీరియో మైకు జత అద్దెకు తీసుకోండి. చెల్లోకు ఎదురుగా రెండు మీటర్ల దూరంలో, మీరు కూర్చున్నప్పటి తల ఎత్తుకు కొంచెం పైన పెట్టి, ఎఫ్ రంధ్రాల వైపు తిప్పండి. పియానో ఉంటే మైకులను మరో అర మీటరు వెనక్కి జరిపి, పియానో మూతను చిన్న కర్ర మీదే నిలపండి. తర్వాత కృత్రిమ ప్రతిధ్వని కలపొద్దు, జ్యూరీ మొదటి బార్‌లోనే (తాళంలో ఒక ఆవర్తం) పట్టేస్తుంది. ఎడిటింగ్ వద్దన్న చోట ఒక్క కోత కూడా వద్దు. కెమెరాలో రెండు చేతులూ, కమాను కొసలూ, ముఖమూ కనిపించాలి. ఒక భాగానికి మూడు టేకుల కంటే ఎక్కువ తీసుకోకండి. నాలుగో టేకు నుంచి తప్పులు తగ్గుతాయి గానీ సంగీతం పలచబడుతుంది. రికార్డింగ్ రోజుకు కనీసం నాలుగు రోజుల ముందు కొత్త తీగలు వేయండి. అప్పుడే వేసిన తీగ శ్రుతి నిలవదు, గొంతు కూడా గరుకుగా ఉంటుంది.

ఇప్పుడు ఎక్సెర్ప్ట్‌లు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కాన్‌చెర్టో అద్భుతంగా వాయించినవాళ్ళు పోయేది ఇక్కడే. పదే పదే అడిగేవి: బీతోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం, బ్రామ్స్ రెండో సింఫనీ రెండో భాగం, మెండెల్సన్ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ స్కెర్ట్సో, రిచర్డ్ స్ట్రాస్ డాన్ హువాన్ మొదటి పేజీ, డెబ్యుసీ లా మేర్, మోట్సార్ట్ 35వ సింఫనీ, స్మెటానా బార్టర్డ్ బ్రైడ్ ఓవర్చర్. ఇవి నమిలి మింగేయాల్సినవి.

బీతోవెన్‌నే తీసుకుందాం. ఎ ఫ్లాట్ మేజర్, మూడు-ఎనిమిది తాళం. ఆడిషన్‌లో సాధారణంగా మూడు ముక్కలు వరసగా అడుగుతారు: మొదటి పది బార్ల ఇతివృత్తం, 49వ బార్ నుంచి పదహారో వంతు స్వరాల్లో మొదటి వేరియేషన్ (ఇతివృత్తాన్ని మార్చి వాయించే రూపం), 98వ బార్ నుంచి ముప్పైరెండో వంతుల్లో రెండోది. చూడ్డానికి చాలా తేలిక, పన్నెండేళ్ళ పిల్లలు కూడా వాయిస్తారు. జ్యూరీ వినేది మూడింటినే. ఒకటి, డాటెడ్ లయ. చుక్క పెట్టిన పదహారో వంతు తర్వాత వచ్చే ముప్పైరెండో వంతు స్వరం బద్ధకించి ట్రిప్లెట్‌గా (మూడు సమాన భాగాల లయగా) జారిపోతుంది. దీనికి మెట్రోనోమ్‌ను ముప్పైరెండో వంతుకు పెట్టి, చిన్న స్వరం నాలుగో దెబ్బ మీదే పడుతోందో లేదో చూసుకోవాలి. రెండో విషయం, ఈ మూడు ముక్కలూ ఒకే వేగంలో ఉన్నాయా. దాదాపు అందరూ ఇతివృత్తాన్ని భావంతో నెమ్మదిగా మొదలుపెట్టి, 98 దగ్గరికొచ్చేసరికి తెలియకుండానే వేగం మార్చేస్తారు. దీనికి విరుగుడు చిన్నది: కమాను ఎత్తే ముందు మనసులో 98వ బార్ పాడుకోండి, ఆ వేగంతోనే ఒకటో బార్ మొదలుపెట్టండి. బీతోవెన్ ఇచ్చిన మెట్రోనోమ్ గుర్తు ఎనిమిదో వంతుకు 92. ఆడిషన్లలో సాధారణంగా దానికి కాస్త లోపలే వాయిస్తారు. ఎంత వేగమైనా సరే, మారకూడదు. మూడోది, డోల్చే (మృదువుగా) అని రాసినచోట కమాను తీగ మారిన చప్పుడు వినిపిస్తోందా. 49 దగ్గర మణికట్టు కాదు, మోచేయి ముందే రాబోయే తీగ మట్టానికి చేరుకోవాలి. ఎడమ చేతి వేళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా కుడి మోచేయి ఆలస్యమైతే ప్రతి తీగ మార్పు దగ్గర చిన్న ఎత్తుపల్లం వస్తుంది, వాయించేవారు కనబడకుండా కట్టిన తెర వెనక కూర్చున్న జ్యూరీకి అదొక్కటే వినిపిస్తుంది.

బ్రామ్స్ రెండులో తప్పు వేరేచోట. అది నాలుగో దెబ్బ మీద మొదలవుతుంది. మొదటి స్వరాన్ని ఒత్తి వాయిస్తే వినేవాళ్ళు దాన్నే ఒకటో దెబ్బ అనుకుంటారు, ఆ తర్వాత మీరు ఎంత బాగా పాడినా తాళం తలకిందులుగా వినిపిస్తుంది. మెండెల్సన్‌లో కమాను ఎగిరే చోటు ముఖ్యం: సమతూకం బిందువుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో. ఎత్తు పెరిగితే వేగం చస్తుంది. లా మేర్‌లో చెల్లోలు విడిపోయే చోట డెబ్యుసీ పదహారు చెల్లోలు అడిగాడు, ఒంటరిగా వాయిస్తే వింతగానే ఉంటుంది. ఆ చుట్టూ ఉన్న స్వరసమూహం చెవిలో లేకుండా శ్రుతి కుదరదు, కాబట్టి రికార్డింగ్ వింటూ కాకుండా స్కోరు (అన్ని వాయిద్యాల స్వరాలూ ఉన్న ప్రతి) ముందు పెట్టుకుని మిగతా స్వరాలను పియానో మీద పట్టి సాధన చేయండి.

ఆడిషన్‌కు మూడు వారాల ముందు నుంచి వారానికి మూడు నమూనా ఆడిషన్లు పెట్టుకోండి. చీటీల మీద ఎక్సెర్ప్ట్‌ల పేర్లు రాసి గిన్నెలో వేయండి. మెట్లు రెండుసార్లు పరుగున ఎక్కి దిగి, గుండె దడ తగ్గకముందే కూర్చుని, తీసిన చీటీ వాయించండి. మొదటి ప్రయత్నమే లెక్క. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, అదే రోజు వద్దు. ఇంకొన్ని చిన్న సంగతులు: తెర ఉన్న ఆడిషన్‌లో నడక చప్పుడు రాని చెప్పులు వేసుకోండి. నోరు తెరిచి ఏమీ అడగకండి, పక్కనున్న ప్రతినిధి చెవిలో చెప్పండి. ఎండ్‌పిన్ (చెల్లో కింది మొన) జారకుండా కుర్చీ కాలికి తగిలించే పట్టీ సొంతది తీసుకెళ్ళండి, అన్ని స్టేజీల్లో చెక్క మెత్తగా ఉండదు. ఏ శ్రుతిలో వాయిస్తారో ముందే కనుక్కోండి. 440 (ఎ స్వరం హెర్ట్జ్‌లలో) అలవాటున్నవారికి జర్మన్ ఆర్కెస్ట్రాల 443 దగ్గర పై పొజిషన్లలో వేళ్ళు చెవిని నమ్మవు. కనీసం పది రోజులు ఇంట్లోనే 443లో సాధన చేయాలి.

ఆర్కెస్ట్రా అకాడమీలకు మీ తోటివాళ్ళు దరఖాస్తు పెట్టడం మంచి ఆలోచనే. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌కు అనుబంధంగా కరయాన్ అకాడమీ ఉంది, రెండేళ్ళు. మయామీలో 1987లో మొదలైన న్యూ వరల్డ్ సింఫనీ మూడేళ్ళ ఫెలోషిప్ ఇస్తుంది. ఇంకా చదువుకుంటున్నవాళ్ళకు యూరోపియన్ యూనియన్ యూత్ ఆర్కెస్ట్రా, గుస్తావ్ మాలర్ యూగెండ్‌ఆర్కెస్టర్ ఉన్నాయి, వయసు పరిమితులతో. ఇక్కడ నేర్చుకునేది సోలో గదిలో దొరకదు. విభాగంలో కూర్చున్నాక పరీక్ష మొదలయ్యేది మీరు ఎంత గొప్పగా వాయిస్తారన్న దాని మీద కాదు. ముందు కుర్చీవారు కమానులో ఏ భాగంలో వాయిస్తున్నారో అదే భాగంలో మీరూ ఉన్నారా, వాళ్ళకంటే ముందు ఎక్కడా వినిపించడం లేదు కదా, లోపలి వైపు కూర్చుంటే పేజీ సరైన సమయానికి తిప్పారా, పెన్సిలు ఉందా, కమాను గుర్తు మారితే ఒక్కసారి చెప్పగానే రాసుకున్నారా. ప్రొబేషన్ ఏడాదిలో ఓటు పడేది వీటి మీద. సోలోయిస్టుగా పెరిగినవాళ్ళు ఇక్కడ మామూలుగా చేసే తప్పు వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని కంపింపజేయడం). పక్కవాళ్ళది సన్నగా ఉంటే మీది వెడల్పుగా ఉంటే విభాగం మొత్తం శ్రుతి మసకబారుతుంది.

సోలో దారి తెరిచి ఉంచడానికి చేయాల్సింది ఒకటే, రెపర్టరీని సిద్ధంగా ఉంచుకోవడం. ఆర్కెస్ట్రాలు సోలోయిస్టులను ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే ఖరారు చేసుకుంటాయి. కాబట్టి ఇవాళ బహుమతి గెలిచినా దాని ఫలం రేపు రాదు. మధ్యలో వచ్చేవి, ఎవరో జ్వరంతో మానేస్తే వచ్చే ఫోన్లు. నాలుగు రోజుల గడువులో, కొన్నిసార్లు మర్నాటికే. ఆ ఫోన్‌కు అవును అనగలిగేలా మూడు కాన్‌చెర్టోలు పెట్టుకోండి: ఒక హైడన్, ఒక రొమాంటిక్, ఒక ఇరవయ్యో శతాబ్దంది. వాటితో పాటు రెండు రిసైటల్ (ఆర్కెస్ట్రా లేని సోలో కచేరీ) ప్రోగ్రాములు, బాఖ్ సూట్లు రెండు. సిద్ధంగా ఉన్నాయో లేదో పరీక్షించే పద్ధతి: మూడు వారాలు ఆ కాన్‌చెర్టో ముట్టుకోకండి. తర్వాత రెండు రోజులు మాత్రమే తీసి, మూడో రోజు పియానిస్టుతో ఆగకుండా మొదటి నుంచి చివరిదాకా వాయించండి. నిలబడితే జాబితాలో ఉన్నట్టు. లేకపోతే మీ బయోడేటాలో రాయకండి. హైడన్ సి మేజర్ మీరు ఒకసారే వాయించారు కదా, అది ఇంకా ఆ జాబితాలో లేదు.

ఛాంబర్ బృందం గురించి క్లుప్తంగా. సోలో చెల్లిస్టును పిలవడానికి నిర్వాహకుడు వెనకాడతాడు, ట్రియోకు వెనకాడడు. ట్రియోను విన్నవాడే మరుసటి ఏడు మిమ్మల్ని విడిగా పిలుస్తాడు. వారానికి రెండు రిహార్సళ్ళు, రెండున్నర గంటల చొప్పున, ఏడాది పాటు మనుషులు మారకుండా. డబ్బు ఎలా పంచుకుంటారు, ఎవరైనా వెళ్ళిపోతే బృందం పేరు ఎవరిది అన్నది మొదటి నెలలోనే కాగితం మీద పెట్టండి. స్నేహితులం కదా అని వదిలేస్తే తర్వాత స్నేహమూ పోతుంది.

ఏజెంటు విషయం. ఏజెంటు కచేరీలు సృష్టించడు, ఉన్నవాటిని పెంచుతాడు. ఏడాదికి పదిహేను దాకా డబ్బిచ్చే కచేరీలు మీ అంతట మీరు తెచ్చుకునే దశ వచ్చాక మాట్లాడండి. కమిషన్ మామూలుగా ఫీజులో పది నుంచి ఇరవై శాతం. ముందుగా డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. ఒప్పందంలో చూడాల్సినవి: ఏ దేశాలకు, సొంతంగా తెచ్చుకున్న కచేరీకీ కమిషన్ ఉందా, విడిపోయాక ఎన్ని నెలల దాకా వాటా అడుగుతారు. ఏజెంటు స్థానంలో ఈ వయసులో నిజంగా పనికొచ్చేవి యువ కళాకారుల పథకాలు: న్యూయార్క్‌లో 1961 నుంచి ఉన్న యంగ్ కాన్సర్ట్ ఆర్టిస్ట్స్, లండన్‌లో యంగ్ క్లాసికల్ ఆర్టిస్ట్స్ ట్రస్ట్. రెండూ ఆడిషన్ ద్వారానే తీసుకుంటాయి.

అప్పటిదాకా మీరే రాయాలి. నిర్వాహకుడికి రాసే ఉత్తరం పది వాక్యాలు దాటకూడదు. ఒకే ప్రోగ్రాం, దాని నిడివి నిమిషాల్లో, మీకు ఖాళీ ఉన్న నెలలు, రెండు వీడియో లింకులు. బాల్యం నుంచి జీవిత చరిత్ర రాస్తే ఎవరూ చదవరు. ఒప్పుకున్నాక కచేరీ ఎంత చిన్నదైనా కాగితం మీద ఈ ఐదు ఉండాలి: ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లో, పియానిస్టు ఫీజు ఎవరిది, చెల్లో సీటు ఖర్చు ఎవరిది, రద్దయితే ఎంత. పరాయి దేశంలో అయితే పన్ను కోసుకుని ఇస్తారా, మొత్తం ఇస్తారా అని కూడా అడగండి. చెల్లో సీటు మాట ముందే అనకపోతే మొత్తం ఫీజు విమానం టికెట్టుకే పోయిన కచేరీలు చాలా ఉన్నాయి.

ఒంటి గురించి ఒక్క పేరా. ఆడిషన్ ప్రకటన చూడగానే రోజుకు మూడు గంటల సాధనను ఆరుకు పెంచేవాళ్ళకే ఎక్కువగా ఎడమ బొటనవేలి మొదట్లోనో, కుడి భుజంలోనో నొప్పి మొదలవుతుంది. వారానికి పదో వంతు కంటే ఎక్కువ పెంచకండి. యాభై నిమిషాలు, పది నిమిషాల విరామం. మర్నాడు పొద్దున్నకు కూడా తగ్గని నొప్పి ఉంటే రెండు రోజులు వాయిద్యం పక్కన పెట్టండి. అప్పటికీ ఉంటే సంగీతకారులను చూసే వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

ఇక చెల్లో. మీ వాయిద్యం మీద ఫిర్యాదుల్లో మీరు రాసినవి రెండు: ఎఫ్ స్వరం దగ్గర వుల్ఫ్ (గురగురలాడే అపస్వరం) పలుకుతోంది, హాల్లో వెనకదాకా వినిపించడం లేదు. ఈ రెండూ చెల్లో మార్చకుండా సగం తీరేవే. మంచి లూథియర్ (తీగ వాయిద్యాలు చేసి, బాగుచేసేవారు) దగ్గర సౌండ్‌పోస్టు (చెల్లో లోపల నిలబెట్టే చెక్క కర్ర), బ్రిడ్జి (తీగలను మోసే చెక్క ముక్క) సరిచేయించండి. వుల్ఫ్‌కు బ్రిడ్జి కింద జి లేదా సి తీగ మీద ఎలిమినేటర్ (చిన్న బరువు ముక్క) బిగించి, దాన్ని కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ వుల్ఫ్ రెండు స్వరాల మధ్యకు పోయేదాకా చూడండి. పూర్తిగా పోదు, పోతే గొంతు కూడా కొంత పోతుంది. తీగల్లో లార్సన్ ఎ, డి తోటి స్పిరోకోర్ టంగ్‌స్టన్ జి, సి కలయిక చాలామంది వాడేది, ఒకసారి ప్రయత్నించండి. ఆ తర్వాత కూడా చాలకపోతే ముందు మార్చాల్సింది కమాను. 80 గ్రాముల చుట్టూ బరువు, సమతూకం సరిగా ఉన్న కమాను అదే చెల్లోను వేరే వాయిద్యంలా పలికిస్తుంది, ఖర్చూ చాలా తక్కువ. మీ సొంత చెల్లో తీసుకెళ్ళి కనీసం పది కమానులు ప్రయత్నించండి. ఒక వారం ఇంటికివ్వని దుకాణంలో కొనొద్దు.

గొప్ప చెల్లో కావాలంటే అప్పు కాదు, అరువు. ఫౌండేషన్లు, బ్యాంకులు, పోటీ నిర్వాహకులు యువ కళాకారులకు వాయిద్యాలు కొన్నేళ్ళకు అరువిస్తారు. పోటీల్లో ఫైనల్ దాకా వెళ్తే వచ్చే అసలు లాభాల్లో ఇదొకటి. సంతకం చేసే ముందు బీమా ఎవరు కట్టాలి, మరమ్మతు తర్వాత తగ్గిన విలువకు కూడా బీమా వర్తిస్తుందా, మనిషి లేని కారులో ఉంచితే బీమా చెల్లదన్న షరతు ఉందా, గడువుకు ముందే తిరిగి అడిగే హక్కు వాళ్ళకు ఉందా చదవండి. ఆ చివరి షరతు దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. కాబట్టి మీ పాత చెల్లో అమ్మేయకండి, నెలకోసారైనా దాని మీద రెండు రోజులు వాయించండి.

అరువు చెల్లోతో విమానం ఎక్కేటప్పుడు సీటును వెబ్‌సైట్లో కొనకండి, ఫోన్ చేసి మీ టికెట్టుతో ఒకే బుకింగ్‌లో కొనండి. టికెట్ మీద చెల్లో పేరు స్థానంలో సీబీబీజీ (కేబిన్ బ్యాగేజీ) అన్న కోడ్ వచ్చిందో లేదో చూసుకోండి. తిరుగు ప్రయాణానికీ, మధ్యలో మారే విమానానికీ వేరే సంస్థ ఉంటే వాళ్ళకూ విడిగా చెప్పాలి. మొదటి సంస్థ చెప్పేసిందిలే అనుకుంటే గేటు దగ్గర ఆగిపోతారు. కిటికీ పక్క సీటు, బెల్టు పొడిగింపు అడగండి. తీగలను అర స్వరం దించండి, అంతకంటే ఎక్కువ దించితే సౌండ్‌పోస్టు పడిపోయే ప్రమాదం. కమానులో దంతం, తాబేటి చిప్ప, బల్లి తోలు పట్టీ ఉంటే సైటెస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) ధ్రువపత్రం లేకుండా సరిహద్దు దాటించకండి, స్వాధీనం చేసుకుంటారు. అలాంటి కమాను మీ దగ్గరుంటే ప్రయాణాలకు కార్బన్ ఫైబర్‌ది ఒకటి విడిగా పెట్టుకోండి.